ఎవరిదీ కాని బూడిద గుట్ట

నా చిన్నప్పుడు బస్సు ఎక్కిస్తామంటే చాలు, ఎక్కడికని కూడా అడిగేదాన్ని కాదు. ఒక ఎండాకాలం సెలవుల్లో మా చిన్నబాపు, అంటే మా బాపు తమ్ముడు, పని మీద పోతున్నా వస్తావా అనగానే జడ కూడా వేయించుకోకుండా వెంటపడ్డాను. వేములవాడ తీసుకుపోయి రాజన్న గుడి చూపిస్తాడని నా ఆశ. తీరా చూస్తే ఆయన పని చెత్త గురించి అడగడం.

అవును, చెత్తే. సర్కారు కొన్నాళ్ల కోసం ఇచ్చిన నౌకరీ అది. కరీంనగర్ చుట్టుపక్కల మున్సిపాలిటీలకు, పంచాయతీలకు పోయి, మీ దగ్గర దుకాణాలు, మిల్లులు, కార్ఖానాలు పారేసేదాన్ని ఎవరు ఎత్తుతున్నారు, ఎక్కడ పారబోస్తున్నారు అని అడిగి రాసుకురావాలి. అడిగించుకునేవాళ్లకు ఆయన్ను చూస్తే నవ్వు, నాకేమో సిగ్గు.

ఆ రోజు మేము పోయిన చిన్న పట్నం చివర వరుసగా ఉప్పుడు బియ్యం మిల్లులు ఉండేవి. మున్సిపాలిటీ ఆఫీసులో మర్యాదగా చాయ్ తాగించి, ఆ మిల్లులు మా హద్దులో లేవు, పంచాయతీని అడగమన్నారు. పంచాయతీలోనూ చాయ్ ఇచ్చారు. మిల్లులు పట్నం సేట్లవి, పట్నం వాళ్లే చూసుకోవాలన్నారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇక్కడ ఆ పిడికెడు కూడా తీసుకునేవాళ్లు లేరు. ఊక కాల్చిన బూడిద మాత్రం మిల్లుల వెనుక గుట్టలా పడి ఉంది. వడ్లు ఉడికించిన నీళ్లు దాని పక్కనుంచే నల్లగా, కుళ్లు కంపు కొడుతూ పారుతున్నాయి.

ఆ గుట్ట పక్కన ఒకే ఒక్క ఇల్లు ఉంది. అందులో ఒక ముసలామె, ఆమె కోడలు ఉంటున్నారు. కొడుకు దుబాయిలో ఉన్నాడట. చిన్నబాపు చేతిలో కాగితాలు చూడగానే ముసలామె ఆయన్ను రెక్క పట్టుకుని బావి దగ్గరికి తీసుకుపోయింది. చేదతో నీళ్లు తోడి చూపించింది. అవి చాయ్ రంగులో ఉన్నాయి. బర్రెలు కూడా మూతి పెట్టడం లేదని, కోడలు ఎక్కడో ఉన్న బోరింగు నుంచి నీళ్లు మోస్తోందని చెప్పి, నిండు నెలలతో ఇంకెన్నాళ్లు మోస్తుందని అడిగింది. చిన్నబాపు, మురుగు ఎక్కడిదాకా పోతుందో చూసొస్తానని నన్ను అక్కడే ఉంచి వెళ్లాడు.

ఆయన తిరిగి వచ్చేసరికి పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది. సర్కారాయన వచ్చిండు, ఇక బావి బాగవుతుందని ముసలామె దారిన పోయేవాళ్లందరికీ చెప్పేసింది. నేనైతే ఆకలితో ఆ కూర వైపే చూస్తూ కూర్చున్నాను. తీరా పళ్లేలలో వడ్డించాక చిన్నబాపు కూర్చోకుండా నిలబడ్డాడు.

"అవ్వా, ఒక్క మాట. నేను అడుగుతందుకే వచ్చిన. గీ బూడిద ఎత్తిపిచ్చుడు నా చేతుల లేదు. నేను రాసిస్త, అంతే. ఎనుక ఎవలన్న వస్తరో రారో గూడ నాకు ఎరుక లేదు. గిది ఇన్నంక పెట్టబుద్ధయితే పెట్టు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాటేదో తిన్నాక చెప్పొచ్చు కదా అనుకున్నాను. కోడలు మాత్రం ఖాళీ బిందె తీసుకుని బయటికి పోయింది. ముసలామె గంటెతో ఇంకో ముక్క తీసి ఆయన పళ్లెంలో వేసింది.

"కోసిన కోడి మళ్ల కూత్తదా బిడ్డా," అంది. "మా బాయిలకు వంగి సూసినోనివి నువ్వొక్కనివే. కూసో, తిను."

చిన్నబాపు కూర్చుని తల దించుకుని తిన్నాడు. నాకు ముద్ద ముద్దకూ బూడిద తగిలింది. కూర రుచి నాకు గుర్తు లేదు, ఆయన కళ్లు తుడుచుకోవడం గుర్తుంది. ఆయన రాసిన కాగితాలు హైదరాబాద్ పోయాయి. ఆ తర్వాత వాటి సంగతి ఆయనకూ తెలియలేదు.

పెద్దయ్యాక నేను అంగన్‌వాడీలో పనికి కుదిరి, ముప్పై ఏళ్లు నేనూ ఇల్లిల్లూ తిరిగి సర్వేలు చేశాను. ఏ గుమ్మం ముందైనా మొదటి మాట చిన్నబాపుదే చెప్పేదాన్ని. నేను అడిగి రాసుకుపోతా, అంతకుమించి నా చేతుల్లో ఏమీ లేదని. అది విని మొహం మీదే తలుపు వేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల ముందు నాకు నిమ్మళంగానే ఉండేది. అంతా విన్నాక కూడా, ఎండన పడి వచ్చావు తల్లీ అని లోపలికి పిలిచి చెంబెడు మంచినీళ్లు ఇచ్చేవాళ్ల దగ్గర మాత్రం, ఆ రోజు చిన్నబాపు తిన్నట్టే నేనూ తల దించుకుని తాగేదాన్ని.