గండికోటలో రెండు మేకలు, ఒక బ్యాటరీ

దేశ ఇంధన విధానం రాసే పెద్దలకు ముందుగా చేతులు జోడించి క్షమాపణలు. ఈ టపా చదివాక మీ ఫైళ్లన్నీ మొదటి నుంచి తిరగరాసుకోవలసి వస్తే ఆ పాపం నాదే. నేను కోరి తలపెట్టిన కార్యం కాదు, మా నాన్న తరిమాడు. గండికోటలో చిన్న హోటల్ నడిపే మా ఓబుళమ్మత్త సబ్సిడీ మీద సోలార్ దీపం పెట్టించుకుంది. సాయంత్రం కరెంటు పోయినా కోట చూడవచ్చినవాళ్లు ఆ వెలుగులో భోంచేసి వెళ్లేవారు. నెల రోజులుగా అది వెలిగిన కాసేపటికే ఆరిపోతోంది. కొత్త బ్యాటరీ కోసం అత్త తన రెండు మేకలనూ బేరానికి పెట్టింది. "నాలుగేండ్లు కరెంటు చదువు చదివినావు గదా, మేకలు పోకముందే పోయి చూసి రాపో," అన్నాడు నాన్న.

కర్నూలులో ఆరింటి బస్సెక్కితే బనగానపల్లె, కోయిలకుంట్ల మీదుగా జమ్మలమడుగు చేరేసరికి పదకొండు దాటింది. టికెట్టు వందలోపే. మే నెల కాబట్టి బనగానపల్లెలో మామిడి బుట్టలు ఎక్కాయి, లోపలున్న గాలి దిగిపోయింది. నా ఒళ్లో వైర్లు వేలాడుతున్న మీటరును పక్కసీటు పెద్దాయన అనుమానంగా చూశాడు.

"ఏమప్పా, బీపీ చూస్తావా?"

"లేదు తాతా, బ్యాటరీకి చూస్తా."

"దానికి గూడా వచ్చెనా! ఈ ఎండలకు రాక ఏం జేస్తాది."

జమ్మలమడుగు నుంచి గండికోటకు షేర్ ఆటో పది రూపాయలు. నిండేదాకా కదలదు, నిండాక కూడా ఇంకొకరికి చోటుంటుంది.

అత్త జొన్నరొట్టె, మా వైపు ఊరిబిండి అనే చెనిక్కాయల పచ్చడి వడ్డించింది. తింటూనే ఉపన్యాసం ఎత్తుకున్నాను. ఎండను కరెంటుగా మార్చడం ఏటేటా చవకవుతోందనీ, దాన్ని రాత్రికి దాచిపెట్టడమే ఖరీదనీ, సర్కారు సెట్టుకు ఒకసారి సబ్సిడీ ఇచ్చి చేతులు దులుపుకుంటే బ్యాటరీ పోయిన రోజున పేదవాడు మళ్లీ కిరసనాయిలుకే పోతాడనీ చెప్పాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

"శానా బాగా చెప్తాండావు అల్లుడా. ఇంతకీ మేకల్ని అమ్మాల్నా, వద్దా?"

గంభీరంగా మీటరు తీశాను. తెర మీద ఒక్క అంకె పడలేదు. బ్యాటరీది కాదు తప్పు, మీటరులో సెల్లు చచ్చింది. ఆ సంగతి అత్తకు తెలియనివ్వకుండా, ఏదో ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి మిద్దె ఎక్కాను. అక్కడ సోలార్ ప్లేటు మీద గోనెపట్టా కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి ఉంది.

"ఇదేందత్తా?"

"అద్దం పగిల్తే సబ్సిడీ మళ్లా రాదని ఆ బిగించినాయప్ప గట్టిగా చెప్పిపోయినాడు. శివరాత్రి పోయినాక ఎండ చూస్తివి గదా, బండలే పగుల్తాండాయి. అందుకే నెల కిందట కప్పినా. పొద్దుగూకినాక తీస్తాలే, దీపమేసేటప్పుడు."

గోనెపట్టా తీసి పక్కన పెట్టి, అది ఎండ తినే వస్తువనీ, ఇన్నాళ్లూ గోనె సందుల్లోంచి దూరిన ఎండతోనే ఆ కాసేపైనా వెలిగిందనీ మాత్రం చెప్పాను. అత్త కాసేపు ప్లేటును, కాసేపు సూర్యుణ్ని చూసి, "అయితే నెలపొద్దు దాన్ని పస్తుపెట్టినానా!" అంది.

సాయంత్రం పెన్నా లోయ అంచున కూర్చుని ఎర్రటి బండల మధ్య పొద్దు దిగడం చూసి వచ్చేసరికి మేకల బేరగాడు వాకిట్లో ఉన్నాడు. కరెంటు పోయింది. అత్త దీపం వేసింది. బేరగాడు మేకల వైపు, మేము దీపం వైపు చూస్తూ కూర్చున్నాం. రోజూ ఆరిపోయే వేళ దాటింది. కోట నుంచి వచ్చిన కుటుంబం తిని, చేతులు కడుక్కుని, కిళ్లీ కూడా అడిగింది. దీపం వెలుగుతూనే ఉంది.

"నువ్వు పోయిరాప్పా, నా మేకలు ఈడనే ఉంటాయి," అంది అత్త బేరగాడితో.

దాచుకోవడం ఖరీదైనంత కాలం మన సీమలో సూర్యుడు సాయంత్రం ఆరింటిదాకే మనవాడు. ధరలు దిగాలి, బ్యాటరీకీ సబ్సిడీ రావాలి, ఇచ్చేవాళ్లు అది ఎలా బతుకుతుందో కూడా చెప్పిపోవాలి. మీరు గండికోట వెళ్తే ఒకటి గుర్తుంచుకోండి: చివరి ఆటో చీకటికి ముందే పోతుంది, టార్చి తీసుకెళ్లండి, అందులో సెల్లు ఇంట్లోనే చూసుకోండి.

గండికోటలో ఇప్పుడు నన్ను బ్యాటరీ డాక్టరంటున్నారు. నేను నిజంగా చేసింది ఒక గోనెపట్టా తీయడం. దాని మీద ఇప్పుడు మేకలు పడుకుంటున్నాయట.