సెక్షన్ లేని చోట ఆగి అడిగిన మనిషి

విజయనగరం కోర్టులో ఒక సాక్షిని ప్రశ్నిస్తూ ఉండగా మా గుమస్తా పక్కకు వచ్చి, "సాలూరులో పెద్దాయన పోయారటమ్మా" అన్నాడు. అప్పుడు అడగబోయిన ప్రశ్న ఏమిటో నాకు ఈనాటికీ గుర్తు రాలేదు. జడ్జి గారు నా ముఖం చూసి, సంగతి తెలుసుకుని, కేసు వాయిదా వేశారు. మా సీనియర్ కామేశ్వరరావు గారు ఆ ఉదయం కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, వీధి అరుగు మీద కుర్చీలోనే కన్నుమూశారు. నాకు న్యాయవాద వృత్తిలో అక్షరాభ్యాసం చేయించిన గురువు ఆయన. ఆ వాత్సల్యమూర్తి ఇక లేరన్న మాట రాయడానికి కలం ఇంకా మొరాయిస్తూనే ఉంది.

తరతరాలుగా దేవాలయ సేవలోనూ, సంస్కృత పాఠం చెప్పడంలోనూ గడిపిన కుటుంబం ఆయనది. ఆ ఇంట్లో నల్లకోటు తొడిగినవారిలో ఆయనే మొదటివారు. పాండిత్యం ఉంది, ధారాళమైన వాక్కు ఉంది. కానీ ఆయన అసలు సంపద జిజ్ఞాస. ఒక గట్టు తగాదాలో మా కక్షిదారు చెప్పింది విని ఊరుకోక, బస్సెక్కి పొలానికి వెళ్ళి, ఎదుటి పక్షం రైతు పక్కనే కూర్చుని, "ఈ గట్టు ఇటు జరిగిందని మావాడంటున్నాడు. నువ్వేమంటావు?" అని అడిగారు. తిరిగొచ్చి మా కక్షిదారుకే రాజీ చేసుకోమని చెప్పారు. నేను విస్తుపోతే, "తెలియనప్పుడు అడగాలమ్మాయ్. తెలిసినట్టు వాదిస్తే, కోర్టు కంటే ముందు మనమే మోసపోతాం" అన్నారు.

ఆ స్వభావానికి అగ్నిపరీక్ష మంగ కేసు. అది చెప్పకుండా ఆయన్ని గురించి రాస్తే అసంపూర్ణమే అవుతుంది.

మంగ సాలూరు షెడ్డులో లారీలకు బొమ్మలు వేసే మనిషి. పుట్టినప్పుడు ఇంట్లోవాళ్ళు మగపిల్లవాడనుకున్నారు. తాను ఆడమనిషినని చిన్ననాడే తెలుసుకుని, పెద్దయ్యాక మంగ అని పేరు పెట్టుకుంది. లారీ తలుపు మీద ఆమె వేసిన నెమలిని చూసి డ్రైవర్లు బండి ఆపి మరీ పొగిడేవారు. ఒక సాయంత్రం పని ముగించి వెళ్తూ ఉంటే ఇద్దరు మనుషులు ఆమెను షెడ్డు వెనక్కి లాక్కెళ్ళారు. బట్టలు చింపి, చేయరాని పనులు చేశారు. ఎదురు తిరిగితే కుడి మణికట్టు విరిచారు. కుంచె పట్టే చెయ్యి అది.

పోలీసు స్టేషన్‌లో ఆమెను గుమ్మం దగ్గరే నిలబెట్టారు. షెడ్డువాళ్ళు కబురు చేస్తే మేము వెళ్ళాక అక్కడి అధికారి నిజంగానే అయోమయంగా అడిగాడు: "చెయ్యి విరిగినదానికి రాస్తాను సార్. మిగతాదానికి ఏటి రాయమంటారు? ఆడమనిషైతే ఒక సెక్షనుంది. ఈవిడికి ఏది పెట్టాలి?"

ఆ రోజుల్లో కామేశ్వరరావు గారికి ప్రత్యేక చట్టాల మీద విశ్వాసం లేదు. తిరిగి వస్తూ నాతో అన్నారు: "మనిషిని హింసిస్తే నేరం. ఆ మనిషి అన్న మాటలో మంగ లేదా? ఒక్కొక్కరి పేరూ చట్టంలో రాసుకుంటూ పోతే, రాయడం మరిచిపోయినవాడి గతేమిటి?" ఆ వాదంలో బలముంది. ఆయన నాతో ఆగక, అదే మాట తీసుకెళ్ళి మంగనే అడిగారు. చేతికి కట్టుతో ఆమె మా ఆఫీసు బల్ల ముందు కూర్చుని ఉంది.

"ఆ మనిషన్న మాట స్టేషన్లో నాకు సరిపోనేదు బాబూ" అంది మంగ. "తవరు సెప్పినట్టు నేనూ అందులోనే ఉంటే, గుమ్మం కాడ ఎందుకు నిలబెట్టేరు?"

"తెలియదమ్మా, చూస్తాను" అన్నారాయన. తెలియనప్పుడు తెలియదని ఒప్పుకోవడం ఆయనకు చిన్నతనం కాదు. ఆ వారమంతా పుస్తకాలు తిరగేశారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల కోసం పార్లమెంటు చేసిన చట్టాన్ని నా చేత పైకి చదివించుకున్నారు. వాళ్ళ మీద లైంగిక హింస చేస్తే గరిష్ఠంగా రెండేళ్ళ జైలని రాసి ఉన్న చోట, "ఆగమ్మాయ్, మళ్ళీ చదువు" అన్నారు. మళ్ళీ చదివాను. స్త్రీ మీద అదే ఘాతుకం జరిగితే శిక్ష ఎంత కఠినంగా ఉంటుందో మా ఇద్దరికీ తెలుసు. "చట్టంలో పేరు లేదని బాధపడ్డాం. పేరుంది, విలువే తగ్గించి రాశారు" అన్నారు.

ఈలోగా కేసు పెట్టిందన్న కారణానికే ఇంటి యజమాని మంగను గది ఖాళీ చేయించాడు. మా సీనియర్ స్వయంగా గది వెతకడానికి బయలుదేరారు. ప్లీడరు గారు అడిగితే కాదనేవారెవరు? అందరూ సరేననేవారు. వెనక నిలబడ్డ మంగను చూడగానే బంధువులు వస్తున్నారనో, సున్నం వేయించాలనో అనేవారు. ఒకాయన మాత్రం దాపరికం లేకుండా, "నాకిష్టం నేదు బాబూ" అన్నాడు. ఈయన కోప్పడలేదు. "కారణం చెప్పవయ్యా, తెలుసుకుందామని అడుగుతున్నాను" అన్నారు. "కారణం ఏటుంటాది? ఇష్టం నేదంతే." దారిలో నాతో అన్నారు: "ఇల్లు నిరాకరించకూడదని ఆ చట్టంలో ఉంది. నిరాకరిస్తే ఏమవుతుందో లేదు. వద్దని మాత్రం అన్నారు, అంతే."

ఆ మధ్యాహ్నం ముగ్గురం ఆయన ఇంటికే చేరి మజ్జిగ తాగుతున్నాం. ఆయన సతీమణి సుభద్రమ్మ గారు గ్లాసులు తీస్తూ, "ఊరంతా తిరిగేరు. మన మేడ మీద గది సంగతి ఎవరూ ఎత్తరేం?" అన్నారు.

ఆయన తలెత్తలేదు. మంగ లేచి నిలబడి, "వద్దమ్మా, బాబుగారికి ఇబ్బంది" అంది.

"ఉండమ్మా" అన్నారాయన. "ఊళ్ళో అందరినీ కారణం అడిగాను. నాకూ లోపల ఒకటి ఉందేమో చూసుకుంటున్నాను." కాసేపాగి, "ఉంది. కానీ బయటికి చెప్పగలిగినంత మంచిది కాదు" అన్నారు. తర్వాత లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

ఊరికే పోలేదు ఆ తాళంచెవి. ఆ ఇంటివాళ్ళను పూజలకు పిలిచేవారు తగ్గారు. చిరకాలపు కక్షిదారు ఒకరు దస్త్రాలు తీసుకుపోయారు. ఆయన వాళ్ళను కూడా ఎందుకని అడిగారు, చెప్పింది శ్రద్ధగా విన్నారు. మంగ మాత్రం మేడ మీద మెల్లగా వేళ్ళు కదపడం మొదలుపెట్టింది. మొదట ముగ్గులు, తర్వాత కుంచె. సుభద్రమ్మ గారూ ఆమే సాయంత్రాలు చింతకాయ తొక్కు గురించి పోట్లాడుకునేంత దగ్గరయ్యారు.

కోర్టులో ఆయన మంగను స్త్రీగానే పరిగణించాలని వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. చెయ్యి విరిచినందుకూ, ప్రత్యేక చట్టం కిందా శిక్ష పడింది. ఆ శిక్ష చిన్నది. ఆయన నల్లకోటు విప్పి చేతి మీద వేసుకుని మెట్ల మీదే కూర్చుండిపోయారు.

"ఎందుకలాగుంటారు బాబూ?" అంది మంగ. "నన్ను కొట్టడం తప్పేనని కోర్టు సెప్పింది. ఇంతకుముందు అదీ నేదు. మిగిలింది తరవాత వస్తాది. తవరు ఊరుకోరు గదా."

ఊరుకోలేదు. పై కోర్టుకు వెళ్ళారు. ఆ విచారణ ఇంకా నడుస్తూనే ఉంది. తన పాత వాదం తప్పని ఆయన ఎన్నడూ అనలేదు, అసంపూర్ణమన్నారు. "పేరు లేనప్పుడు నిలదీయడానికి పట్టే దొరకదు. తక్కువ చేసి రాస్తే, ఎందుకు తక్కువ చేశారని కనీసం అడగొచ్చు. చట్టం కావాలమ్మాయ్. అయితే అది సమానమైన చట్టం కావాలి" అన్నది ఆయన చివరికి చేరిన మాట. అది కూడా చివరిది కాదేమోనని ఆయనకు సందేహం ఉండేది.

అంతిమయాత్ర రోజున మంగ వీధి గుమ్మం బయట నిలబడింది. పెద్దలు కొందరు ఆమెను చూసి చూపు తిప్పుకున్నారు. సుభద్రమ్మ గారు లోపలి నుంచే, "మంగా, లోపలికి రా. నా పక్కన కూర్చో" అన్నారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇది రాయడం మొదలుపెట్టిన రోజునే, కోటబొమ్మాళి నుంచి ఒక మనిషి రైల్లో బయలుదేరి ఆయన్ని వెతుక్కుంటూ మా ఆఫీసుకు వచ్చింది. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. అన్నదమ్ములు కొట్టి ఇంట్లోంచి వెళ్ళగొట్టారట. సాలూరులో ఒక ప్లీడరు గారున్నారని, ముందుగా ఏదీ అనుకోకుండా అన్నీ అడుగుతారని ఎవరో చెప్పారట. ఆయన పోయారని చెప్పాను. ఆ మనిషి, "అయితే నాకు ఏటి జరిగిందో ఎవలడుగుతారు?" అంది.

కుర్చీ జరిపి కూర్చోమన్నాను. గురువుగారూ, మీకు నమస్కరించి ఆ కేసు తీసుకున్నాను. కానీ ఆ మనిషిని మొదట ఏమడగాలో మీకు తెలిసినట్టు నాకు తెలియలేదు.