సొరచేప, కోలా, మా జువాలజీ మాస్టారు

మా జువాలజీ మాస్టారు పోయారని ఆదివారం సాయంత్రం ఫోనొచ్చింది. మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి ఇక లేవలేదట. పిల్లలకి పరీక్ష పెట్టి అప్పుడే ఇంటికొచ్చాను. వెంటనే ఏడుపు కూడా రాలేదు. అంత అలిసిపోయి ఉన్నాను.

బ్రాడీపేటలోని మా కోచింగ్ సెంటర్‌లో ఆయన జువాలజీ, నేను బోటనీ చెప్పేవాళ్లం. భోజనాల తర్వాతి పీరియడ్ ఆయనది. తెల్లారకముందే లేచే హాస్టల్ పిల్లలు ఆ వేళకి తలలు వేలాడేసేవారు. మిగతా టీచర్లమైతే వాళ్లని నిలబెట్టేవాళ్లం. ఆయన లైట్లార్పించి పది నిమిషాలు పడుకోనిచ్చేవారు. ప్రిన్సిపాల్‌కి అది కంట్లో నలుసు. పిలిచి అడిగితే, "లేపితే కళ్లు తెరుస్తారండీ, చెవులు తెరవరు" అన్నారట.

ఏటా కొత్త బ్యాచ్‌కి సిలబస్‌లో లేని పాఠం ఒకటి చెప్పేవారు. బోర్డు మధ్యన గీత గీసి, ఒకవైపు మంచు సముద్రం అడుగున తిరిగే సొరచేప, మరోవైపు చెట్టు మీద బతుకుతూ పిల్లని పొట్టసంచిలో మోసే కోలా గురించి వరసలుగా రాసేవారు. ఏ వరసలోనూ పోలిక కుదరదు. చివరి వరసలో మాత్రం రెండువైపులా ఒకే మాట రాసేవారు: నెమ్మది.

"కోలా తినేది జామాయిల్ ఆకురా. పొదిలి వైపు తోటల్లో చూశారుగా, మేకైనా మూతి పెడుతుందా? అందులో సత్తువెంత? అందుకే రోజంతా నిద్ర. సొరకేమో గడ్డకట్టే నీళ్లు, ఎప్పుడో దొరికే తిండి. అవి బద్ధకపువి కాదురా, ఉన్నదాంతో బతుకుతున్నాయి."

నేను ఉద్యోగం మానేద్దామనుకున్న రోజుల్లో నన్నూ ఆటపట్టించేవారు. "నీదీ జామాయిల్ మేతే అమ్మాయ్, కాస్త కునుకు తియ్యి" అంటూ నా పేపర్ల కట్ట తనముందుకి లాక్కుని దిద్దేవారు. ఆయన పగలు కన్ను మూయడం మాత్రం నేనెన్నడూ చూడలేదు. ఆ కునుకులే లేకపోతే ఈపాటికి నేనీ ఉద్యోగంలో ఉండేదాన్ని కాదు.

వాళ్లింటికి వెళ్తే ఆయన భార్య నా చెయ్యి వదల్లేదు. "టీ పెట్టుకుని వెళ్లానమ్మా. ఎప్పుడూ పగలు పడుకోని మనిషి ఇవాళ పడుకున్నారు కదా అని లేపలేదు" అన్నారు.

సోమవారం ఆయన పీరియడ్ నాకు వేశారు. సిలబస్ వెనకబడింది, ఆ నిద్రలు మానిపించమని ప్రిన్సిపాల్ వరండాలోనే చెప్పారు. తలూపి లోపలికి వెళ్లాను. ఎవరూ తల వాల్చలేదు. ఎర్రబడ్డ కళ్లతో నావైపే చూస్తున్నారు.

చాక్‌పీస్ పక్కన పెట్టి లైట్లార్పాను. తలలు ఒక్కొక్కటే బెంచీల మీదికి వాలాయి. ఆయన కుర్చీలో కూర్చుని నేనూ కళ్లు మూసుకున్నాను. కిటికీ అవతల ప్రిన్సిపాల్ బూట్ల చప్పుడు వచ్చి ఆగింది. నేను కళ్లు తెరవలేదు.