రాతిస్తంభానికి అమ్మ పెట్టిన బొట్టు

ఇవాళ పొద్దున అహ్మది అనే ఈ ఎడారి చమురు పట్నంలో కంపెనీ బస్సు కోసం నిలబడి, రాలిన జామాయిల్ ఆకు నలిపి వాసన చూస్తున్నాను. "జలుబు చేసిందేంటండీ?" అన్నాడు పక్కనున్న కోనసీమ మిత్రుడు. జలుబు కాదు, ఇవే చెట్లుండే, నేను పెరిగిన ఊరు గుర్తొచ్చింది.

మీ అమ్మల దగ్గర కూడా చెక్క కుంకుమ భరిణె ఉండేది కదూ? మా అమ్మ దాన్ని ఆస్ట్రేలియా దాకా మోసుకెళ్ళింది. నాన్న డాక్టరుగా చేరిన ఆ ఊరు గోధుమ చేల మధ్య ఒకే ఒక్క వీధి. వీధి చివర, యుద్ధాలకెళ్ళి తిరిగిరాని ఊరివాళ్ళ పేర్లు చెక్కిన రాతిస్తంభం ఉండేది. అమ్మ దాన్ని ధ్వజస్తంభం అనుకుంది. చెప్పులు విడిచి ప్రదక్షిణలు చేసి, చేతికి అందిన పేరుకి బొట్టు పెట్టింది.

"అమ్మా, ఇది గుడి కాదే! చచ్చిపోయినవాళ్ళ పేర్లు," అన్నాను సిగ్గుతో.

"పేర్లు చెక్కి పూలు పెట్టారంటే ఎవరికో దేవుళ్ళేరా. దణ్ణం పెట్టుకో."

బెంచీ మీది ముసలాయన లేచి వచ్చాడు. తిడతాడనుకున్నాను. అమ్మ బొట్టు పెట్టింది ఆయన అన్నయ్య పేరుకేనట. టోపీ తీసి అమ్మ పక్కన నిలబడ్డాడు.

మేం ఊరు వదిలిన రోజు ఆయన ఖాళీ జామ్ సీసా తెచ్చి, ఆ ఎర్ర పొడి కొంచెం ఇమ్మన్నాడు. అమ్మ భరిణె మొత్తం వంచేసింది.

ఇప్పుడు ఆ ఊళ్ళో రైలు ఆగదు, బడి లేదు. ఇటు అమ్మా పోయింది. ఆ సీసా ఎప్పుడో ఖాళీ అయ్యుంటుంది. ఆ పేరుకి బొట్టు పెట్టేవాళ్ళు ఎవరున్నారు?