మిద్దె మీద మగ్గం గుంట

ఎనిమిది కుటుంబాల సొంతింటి ఆశను ఒక్క పెన్సిలుతో కూల్చబోయిన ఘనుణ్ణి నేను. ఇటుక పేర్చకముందే ఇల్లు కూల్చినవాణ్ణి మీరెక్కడైనా చూశారా? ఇప్పుడు చూడండి.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. మా ప్రొద్దుటూరు నేతగాళ్ళు సంఘంగా కలిసి ఇళ్ళు కట్టుకుంటే సర్కారు సగం ఉచితంగా, సగం అప్పుగా ఇస్తానంది. వాన కురిస్తే మగ్గం మీది పడుగు నూలు తడిసి పస్తులుండే అద్దె కొట్టాల వాళ్ళకు గట్టి కప్పు. ఆ పథకం రాసిన చేతికి మొక్కాలనిపించింది. నేనేమో దేవుడికే మొక్కనివాణ్ణి.

స్థలం చిన్నది. నేత రాకపోయినా నాలుగక్షరాలు వచ్చినవాణ్ణని ప్లాను నేనే గీశాను: కింద నాలుగిళ్ళు, పైన నాలుగిళ్ళు. ఇంటింటికీ మగ్గానికో గది, కాపురానికో గది. వాస్తు చూడాలన్న పెద్దమనిషితో గంటసేపు వాదించి నోరు మూయించాను. ఆ గెలుపుతో గాలి కొట్టిన సైకిలు ట్యూబులా ఉబ్బిపోయాను.

కడప నుంచి వచ్చిన ఆఫీసరు ప్లాను పరిచాడు. నేతలో తల నెరిసిన చౌడమ్మ వంగి చూసింది.

"పైనింట్లో మగ్గం యాడ పెడతావప్పా?"

"ఈ గదిలో, అవ్వా."

"మరి గుంట?"

"ఏం గుంట?"

సంఘమంతా నన్ను జాలిగా చూసింది. మా ఊరి మగ్గానికి నేలలో గుంట తవ్వుతారు, అందులో కాళ్ళు పెట్టి తొక్కుతారు. ఆ చప్పుడు వింటూ పెరిగిన నేను ఒక్కనాడూ కిందికి చూడలేదు.

"మిద్దెకు బొక్క కొట్టి కాళ్ళు పెడితే కిందింటోళ్ళ సంగటి తపేలాలో పడతాయి గదప్పా," అంది చౌడమ్మ.

"తొక్కితే సంగటి బాగా కలుస్తాదిలే," అన్నాడు వాస్తు పెద్దమనిషి.

ఆఫీసరు ఫైలుకు తాడు చుట్టసాగాడు. "ప్లాను కుదరకపోతే ఈ సాయం ఇంకో ఊరి సంఘానికి పోతుంది."

ఎనిమిది కుటుంబాలూ నన్నే చూస్తున్నాయి.

చౌడమ్మ నా పెన్సిలు లాక్కుంది. "ఉండు సార్. ఇల్లూ మగ్గమూ ఒక్కతావే ఉండల్లని ఎవరు చెప్పినారు? ఎనిమిది మగ్గాలూ కింద, ఎనిమిది కాపురాలూ పైన. దిగి నేస్తాం, ఎక్కి పండుకుంటాం. గోడ గూడా జరిపే పన్లేదు."

ఆఫీసరు తాడు విప్పాడు. బడి గడప తొక్కని ఆ అవ్వ బుర్ర ముందు నా ఉపన్యాసాలన్నీ దండగ.

"ఇంత చక్కని ప్లాను ఎవరిది?" అన్నాడు ఆఫీసరు.

"మిద్దె ఆయప్పదే సార్. గుంట మాత్రం మాది," అంది చౌడమ్మ.

ఇళ్ళు లేచాయి. చౌడమ్మ తన గుంటలో నన్నొక పూట కూర్చోబెట్టి మగ్గం తొక్కించింది. కాళ్ళు పట్టేసిన నన్ను పైకి లేపడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు.

అందుచేత సకల జనుల ఎదుట, ఏ దేవుడి సాక్షీ లేకుండా, ప్రతిజ్ఞ చేస్తున్నాను: మనిషి కాళ్ళెక్కడ పెట్టుకుంటాడో అడగకుండా వాడి తల మీదికి కప్పు గీయను.