బావమరిది పట్టాల్సిన తాడు

ఇరవై ఏళ్ళ క్రితం ఉగాదికి శ్రీశైలం పోయినప్పుడు మాకు అడవిలో దారి చూపినవాడు బయన్న అనే చెంచు. "శుక్రవారం పొద్దునకి నన్ను పంపాల సామీ, మా బావ తేనెకు దిగుతాడు" అన్నాడు. పంపిస్తానని మాటిచ్చాను. పంపలేదు, ఇంకో రోజు ఉంచుకున్నాం. తేనె కోసం కొండచరియ దిగేవాడి తాడు అతని భార్య తోడబుట్టినవాడే పట్టాలని చెంచుల కట్టడి. తన తోబుట్టువును విధవను చేసుకోడని నమ్మకం. ఆ శుక్రవారం వేరేవాడు పట్టాడు. బావ పడి చచ్చిపోయాడు.

బయన్న కూడా ఇప్పుడు లేడు. అతని అక్క, ఆనాడు చచ్చిపోయిన బావ పెళ్ళాం, గురవమ్మను చూద్దామని ఈ చైత్రంలో బయలుదేరాను. నంద్యాలలో ఆరింటికి బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు ఎక్కితే ఆత్మకూరు తొమ్మిదిన్నర, చార్జీ పన్నెండణాలు. అక్కడినుంచి నాగలూటి వైపు ఎద్దులబండి, రూపాయిన్నర.

"గూడెంలో యాడుంటారప్పా మనుషులు? అందరూ వెదుర్లు కొట్టను పోయింటారు" అన్నాడు బండివాడు.

చెంచులు పనిచేయరని రాసిన పుస్తకాలు నా అల్మారాలో రెండున్నాయి. వెదురు కొట్టేది, బంక గీకేది, యాత్రికుల మూటలు మోసేది ఎవరో రాసినవాళ్ళు కనుక్కోలేదు.

గూడెంలో అడిగి, మూడు గంటలకు తేనె చరియ దగ్గరికి చేరాను. గురవమ్మ చుట్టిన నారతాడు మీద కూర్చుని ఉంది. దిగాల్సింది ఆమె అల్లుడు. తాడు పట్టాల్సిన ఆమె కొడుకును అడవి గుత్తేదారు మనిషి పొద్దున్నే వెదురుకు తోలాడు. ఇప్పుడు తేనె కావాలని వాడే అరుస్తున్నాడు.

"తాడు నేను పట్టుకుంటాలేమ్మా! ఎవురు పట్టుకుంటే ఏముండాది?"

"నీ చెల్లెల్నిచ్చినావా ఈనకు? ఇచ్చింటే పట్టు."

అల్లుడితో సహా అందరూ నవ్వారు.

"రేపట్నించి అడివిలో మీకు పనే ల్యాకుండా చేస్తా!"

"చేసుకోప్పా. నా బిడ్డకు మొగుడుంటాడు."

ఆమె లేవలేదు. చివరికి గుత్తేదారు మనిషే కబురు పంపితే కొడుకు వచ్చేసరికి పొద్దు వాలింది. చెమట కూడా తుడుచుకోకుండా తాడు నడుముకు చుట్టుకుని, కాళ్ళు రాతికి తన్నిపెట్టాడు. అల్లుడు దిగాడు. తేనెతో పైకి వచ్చాడు. గురవమ్మ ఆకులో తేనెపట్టు ముక్క పెట్టి నాకిచ్చింది. ఆనాడు గూడెంలో చూసిన నన్ను గుర్తుపట్టిందని అప్పుడు తెలిసింది.

"ఈ తూరి ఎవుర్నీ పిల్చుకోని పోవద్దు సామీ."

ఆ తేనె తిన్నాను. తినకుండా తిరిగి ఇచ్చే ధైర్యం లేదు. వాళ్ళ బతుకు ఒకరి చేతి మీద ఒకరిది నిలిచి ఉంటుంది. ఆ చేతిని మనం కూలికి మాట్లాడుకుని, మనకు ఖాళీ అయినప్పుడు వదులుతాం.

చైత్రవైశాఖాల్లో ఆ దారిన పోయేవారు చెంచును తోడు పిలిచేముందు, అతని బావ ఏ రోజు తేనెకు దిగుతాడో అడగండి. ముందురోజే పంపేయండి.

"ఒక్క రోజుకు ఎవరి కొంప మునుగుతుంది?" అని ఆనాడు నవ్వినవాడు ఆ యాత్రలో తోడున్న నా స్నేహితుడు. సరేనని తల ఊపింది నేను. అయినా ఈనాటికీ నేను తప్పుపట్టేది ఆ ప్లీడరు సుబ్బరాయుణ్ణే.