వర్కల తీరాన పటాన్‌చెరు సైరన్

ఉదయం సరిగ్గా ఎనిమిది గంటలకు మా నాన్న చేతిగడియారానికి కీ ఇచ్చేవాడు. పటాన్‌చెరులో మా ఇంటి వెనక గోడకి ఎదురుగా సర్కారు ప్లాంటు గోడ. ఆ గోడకు అవతల సైరన్ మోగడం, ఇవతల నాన్న కీ తిప్పడం ఒకేసారి జరిగేవి. నాన్న కీ తిప్పితేనే సైరన్ మోగుతుందని చిన్నప్పుడు నమ్మేవాణ్ణి. అది చిన్న పొరపాటు. పెద్దది ముప్పై మూడేళ్ల వయసులో చేశాను. దాని తాలూకు సామగ్రి ఇది: ఒక సముద్రం, ఒక సైరన్, ఒక తడి నిక్కరు, పదకొండు మంది సాక్షులు. అందులో నేను మునిగాను. నీళ్లలో మునిగినా బాగుండేది, అక్కడ లైఫ్‌గార్డు ఉన్నాడు.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నేను ఒక మందుల కంపెనీలో పనిచేస్తాను. తయారైన ప్రతి విడత మందుకూ ఒక కాగితాల కట్ట ఉంటుంది. ఏ పొడి ఎంత వేశారు, ఎన్ని నిమిషాలు కలిపారు, ఎవరు సంతకం పెట్టారు, అన్నీ అందులో ఉంటాయి. అవి చదివి తప్పులు పట్టడం నా పని. కాగితాలు కంప్యూటర్‌లోకి వచ్చేశాక ఇంటి నుంచే చదవనిచ్చారు. షరతు ఒక్కటే. తనిఖీ వాళ్లు వస్తే గంటలోపు కంపెనీ గేటు దగ్గర ఉండాలి. లేకపోతే ఉద్యోగం ఉండదు. తనిఖీ వాళ్లు రాకపోతే ఎక్కడున్నా ఫరవాలేదని నేను దాన్ని అర్థం చేసుకున్నాను. జీతం తీసుకుని ఇతరుల తప్పులు పట్టేవాడి తెలివి ఇలాగే ఉంటుంది.

మా సెక్షన్ హెడ్ యాదగిరి సార్‌ది హత్నూర దగ్గర పల్లె. ఇప్పుడు ఉండేది పటాన్‌చెరులోనే గానీ, ఊళ్లో ఇప్పటికీ పొలం ఉంది. విత్తనాల సంచిని రైతు ఎలా చూస్తాడో ఆయన కాగితాన్ని అలా చూస్తాడు, మనుషుల్ని కూడా. రోజూ పొద్దున ఏడూ నలభై అయిదుకు ఆయన వీడియోలో మీటింగ్ పెట్టేవాడు. ఎనిమిదింటికి నా మైకులోంచి ప్లాంటు సైరన్ వచ్చేది. ప్లాంటు గోడకి అందరికన్నా దగ్గర నా ఇల్లే. అందరూ మాట ఆపి గడియారం చూసుకునేవాళ్లు. ఇది మా పటాన్‌చెరు అలవాటు. సైరన్ మోగుతుండగా మాట్లాడేవాణ్ణి చూస్తే, ఊరికి కొత్త అని తెలిసిపోతుంది. సైరన్ ఆగగానే యాదగిరి సార్, "ఇగ నడువుండ్రి, పని జూస్కోండ్రి" అనేవాడు. మీటింగ్ అయిపోయేది.

అలాంటి రోజుల్లో, సముద్రం పక్కన కూర్చుని ఉద్యోగం చేస్తూ మధ్యమధ్యలో అలల మీద సర్ఫింగ్ పలక వేసుకుని నిలబడే మనుషుల గురించి ఎక్కడో చదివాను. చదవడం నాకున్న ఒకే ఒక దురలవాటు. దాంతో వచ్చిన నష్టాల్లో ఇది మొదటిది కాదు. కేరళలో వర్కల అనే ఊళ్లో రెండు నెలలకి గది మాట్లాడుకున్నాను. యాదగిరి సార్‌కి చెప్పలేదు. నాన్నకి చెప్పాను.

"మీ కంపెనీ వాళ్లు ఒప్పుకున్నార్రా?" అన్నాడు నాన్న. గుంటూరు నుంచి ఈ ప్లాంటు ఉద్యోగానికే వచ్చి ముప్పై రెండేళ్లు చేసి రిటైరైన మనిషి. ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్లలేదు.

"మా పని ఎక్కడినుంచైనా చేయొచ్చు నాన్నా."

ఇది అబద్ధం కాదు. చేయొచ్చు. ఒప్పుకున్నారా అన్నది ఇంకో ప్రశ్న.

"నీకు ఈత రాదుగా?"

"పలకకి కాలు కట్టేస్తారు నాన్నా."

"మేకని కట్టేసినట్టా? సరే వెళ్లు. ఇద్దరం ఇలా ఒకే గోడని చూస్తూ కూర్చుంటే ఆ గోడకి దిష్టి తగులుతుంది."

వర్కలలో ఊరు కొండ అంచు మీద ఉంటుంది, సముద్రం కింద ఉంటుంది. నా గది అంచుకు దగ్గర. అక్కడి గాలికి వారంలో పుస్తకాలు పూరీల్లా ఉబ్బాయి, బిస్కెట్లు మెత్తబడ్డాయి, చొక్కాలు ఆరడం మానేశాయి. పొద్దున్నే అలల పాఠం. నేర్పే మాస్టారుకి వచ్చిన హిందీ రెండే ముక్కలు: "ఉఠో", "ఫిర్ సే". లే అనీ, మళ్లీ మొదలుపెట్టు అనీ. నేను రెండోదే ఎక్కువ విన్నాను. పలక మీద లేచి నిలబడినప్పుడల్లా వానలో తడిసిన అట్టపెట్టెలా మధ్యకి మడతపడి కూలిపోయేవాణ్ణి.

మొదటి రోజు మీటింగ్‌లో ఎనిమిది దాటింది. యాదగిరి సార్ చుట్టూ చూశాడు.

"చంద్రశేఖర్, నీ సైరన్ ఏది బై?"

"కిటికీ మూసిన సార్. దోమలు."

"పొద్దుగాల దోమలా?"

"పటాన్‌చెరు దోమలు గద సార్. అవి గూడ షిఫ్టులల్ల పనిచేస్తయి."

అందరూ నవ్వారు. నాన్నతో ఒక తెలుగు, సార్‌తో ఒక తెలుగు మాట్లాడుతూ పెరిగినవాణ్ణి. రెండింట్లోనూ తప్పించుకోగలనని గర్వం ఉండేది. కానీ తన కిటికీలోంచి సన్నగా వినబడినా, నా మైకులో సైరన్ మోగకపోతే మా సార్‌కి మీటింగ్ ఎక్కడ ఆపాలో తెలియలేదు. ఎనిమిదిన్నర దాకా సాగింది. కంది అనే ఊరి నుంచి రోజూ బస్సులో ఆఫీసుకు వచ్చే సునీత చివర్లో బతిమాలింది. "అన్నా, రేపు జెర కిటికీ తెరువు. దోమలు కుడితే కుట్టనీ. నా బస్సు పోతున్నది."

ఆ మధ్యాహ్నం నాన్నకి ఫోన్ చేశాను. "నాన్నా, ఎనిమిదింటి సైరన్ రికార్డు చేసి పంపుతావా?"

"ఎందుకురా?"

"ఊరికే. వినాలనిపించి."

ఇది మాత్రం అబద్ధమే. నాన్న దాన్ని పూర్తిగా నమ్మాడు.

"మొదలు నుంచి చివరిదాకా కావాలా? డాబా మీదకెక్కి చేస్తాను. కిందైతే మిక్సీల గోల."

మర్నాడు రికార్డు వచ్చింది. నలభై సెకన్ల సైరన్, ఆ తర్వాత నాన్న గొంతు. గొంతు కత్తిరించేసి, పాత ఫోనులో రోజూ ఎనిమిదింటికి అది మోగేలా పెట్టాను. ఆ ఫోనుకి ఒక గుణం ఉంది. ఒక రికార్డు అయిపోతే అన్నిటికన్నా కొత్తగా వచ్చినదాన్ని దానంతటదే మొదలుపెడుతుంది. రోజూ చెయ్యి చాచి ఆపేవాణ్ణి. ఎనిమిది కాగానే వర్కల గదిలో పటాన్‌చెరు సైరన్ మోగేది, మీటింగ్ ఆగేది, సునీతకి బస్సు దొరికేది. గది అద్దెకిచ్చినావిడ మాత్రం మొదటిసారి విన్నప్పుడు సునామీ వస్తోందనుకుని కోళ్లని మేడమీదకి చేర్చింది.

అడవిలో ఉసిరికాయని, సముద్రంలో ఉప్పుని కలిపి జాడీలో పెట్టానని మురిసిపోయాను. జాడీలో ఊరుతున్నది నేనేనని తెలియలేదు.

ఒకటి చాలని చెప్పినా నాన్న రోజూ ఒక రికార్డు పంపుతూనే ఉన్నాడు. మోగేది ఒకే సైరన్ కదా, వినడానికేముందని నేను ఏదీ తెరవలేదు.

ఆరో వారంలో ఒక పొద్దున, పాత ఫోనుని నీళ్లు దూరని సంచిలో పెట్టి మెడకి తగిలించుకుని సముద్రానికి వెళ్లాను. నేను పలక మీద నిలబడితే మాస్టారు ఫోటో తీయాలి. నిలబడ్డావా, నిలబడ్డావా అని నాన్న ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నాడు. రెండు సెకన్లు నిలబడ్డాను. మాస్టారు అప్పుడు తుమ్మాడు. ఫోటో రాలేదు. ఏడూ నలభై నాలుగుకి గదిలోకి పరిగెత్తుకొచ్చి, కింద తడి నిక్కరు అలాగే ఉంచి, పైన ఇస్త్రీ చొక్కా వేసుకుని మీటింగ్‌లో కూర్చున్నాను. సంచి మెడలోంచి తీసి బల్ల కింద పడేశాను.

యాదగిరి సార్ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. నాకు గుర్తున్నంతవరకు అదే మొదటిసారి.

"ఏం జేయాలె," అన్నాడు. "ప్లాంటు సైరన్ దించిండ్రంట, మోటర్ మారుస్తుండ్రంట. ఆరింటి సైరన్ కొట్టలే. మా ఇంట్ల కుక్కతో సహా ఎవ్వరు లేవలే. నాలుగు రోజులు గిట్లనేనంట."

అప్పటికి ఏడూ యాభై ఎనిమిది.

బల్ల కింద చెయ్యి పెట్టి సంచి అందుకున్నాను. జిప్పు రాలేదు. అయిదు వారాల ఉప్పు దాన్ని పట్టుకుని కూర్చుంది. ముఖం కెమెరా వైపు, చేతులు బల్ల కింద. కోడిని పట్టుకున్న దొంగలా పెనుగులాడుతూ పైకి తల ఊపుతున్నాను.

"చంద్రశేఖర్, నీ ఇల్లు గోడ పక్కకే గద. నువ్వు జెప్పు, ఏమైందంట?"

"అదే సార్... మోటర్... దించిండ్రు సార్. నేను జూసిన."

ఎందుకు చూశానన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. కనీసం మైకు ఆపుదామని చెయ్యి పైకి తీశాను. తడి వేలికి కంప్యూటర్ లొంగలేదు. బాణం గుర్తు తెర మీద ఈగలా తిరిగింది గానీ మైకు మీద వాలలేదు.

ఎనిమిదైంది. సైరన్ మోగింది.

మీరు నమ్మరు గానీ, పదకొండు మందీ మాట ఆపి గడియారం చూసుకున్నారు. అలవాటు అలాంటిది. నలభై సెకన్లు. అది ఆగాక సునీత సంతోషంగా అంది: "అయ్యో, అప్పుడే రిపేర్ అయిపోయింది సార్!"

"అయింది," అన్నాడు యాదగిరి సార్. తర్వాత తన కిటికీ వైపు తిరిగాడు. మళ్లీ నా వైపు తిరిగాడు. "మరి నాకు ఇనబడలేదేంది?"

నేను నోరు తెరిచేలోపు బల్ల కింద నుంచి నాన్న మాట్లాడాడు.

"ఒరేయ్ చంద్రం, ఈసారి ముందు మాట, తర్వాత సైరన్‌రా. రేపటి నుంచి నాలుగు రోజులు ఇక్కడ సైరన్ ఉండదు, మోటారు విప్పుతున్నారు. నీకు లోటు రాకూడదని ఇవాళ వేరువేరు షిఫ్టులవి నాలుగు రికార్డు చేశాను, రోజుకొకటి విను. సముద్రంలో లోతుకి వెళ్లకు. వర్కలలో చేపలు మంచివట, తింటున్నావా? పలక మీద నిలబడ్డావా లేదా?"

యాదగిరి సార్ చాలాసేపు నా ఇస్త్రీ చొక్కాని చూశాడు.

"బాపు అడుగుతుండు గద," అన్నాడు చివరికి. "నిలబడ్డవా?"

"రెండు సెకన్లు, సార్."

"రెండు సెకన్లకు గింత పరేషానా?" మళ్లీ ఆగాడు. ఆ ఆగడంలో నా ఉద్యోగం వేలాడింది. "రేపు సైరన్ లోపల గేటు కాడుండాలె. లేకుంటే సముద్రం కాడనే ఉండు."

"సార్, రేపు సైరన్ లేదు గద," అంది సునీత, పాపం మంచి మనసుతోనే.

"ఉంటది," అన్నాడు సార్. "చంద్రశేఖర్ ఫోన్ల ఉంది."

పుస్తకాలు, పలకకి గీసుకుపోయిన మోకాళ్లు, పొట్టు లేస్తున్న ముక్కు పట్టుకుని మర్నాడు ఏడున్నరకి గేటు దగ్గర నిలబడ్డాను. అల తొక్కనేల, కాళ్లు పట్టుకోనేల అని నా మోకాళ్లే నన్ను అడిగాయి. సార్ మాట మాటే. ప్లాంటు సైరన్ తిరిగి వచ్చేదాకా, మిగిలిన మూడు రోజులూ ఎనిమిదింటికి మా కంపెనీ గేటు ముందు ఫోను పైకెత్తి సైరన్ మోగించడం నా అదనపు డ్యూటీ. బిహార్ నుంచి వచ్చిన కార్మికులు నాకు "భోంపూ సాబ్", అంటే బూర దొర, అని పేరు పెట్టారు. మూడో రోజు నాన్న వచ్చి రోడ్డు అవతల నిలబడ్డాడు. నేను సైరన్ మోగించాను. ఆయన గడియారానికి కీ ఇచ్చుకుని, "రెండు సెకన్లు ముందు కొట్టావు" అని వెళ్లిపోయాడు. అబద్ధం గురించి ఎప్పుడూ ఒక్క మాట అడగలేదు.

ఆ తర్వాత ఇంటి నుంచి పనిచేయడం నాకు రద్దయింది.

నాన్న పోయి రెండేళ్లు కావస్తోంది. పాత ఫోనులో నలభై ఒక్క రికార్డులున్నాయి. ఇప్పుడు అన్నీ విన్నాను. సైరన్ అన్నిట్లో ఒకటే. దాని తర్వాత ఉన్నదే వేరు. "ఇవాళ నాలుగు సెకన్లు ఆలస్యం, స్విచ్చి దగ్గర ఎవడో కొత్తవాడు." "పడమటి గాలి, సరిగా రాలేదు, రేపు బాగా చేస్తాను." ఒకదాంట్లో మాటల్లేవు. సైరన్ ఆగాక కీ తిప్పిన చప్పుడు మాత్రం ఉంది.

అందువల్ల, ముక్కు మీద ఇంకా మిగిలి ఉన్న ఆ మచ్చ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తడి చేతులతో కంప్యూటర్ ముట్టను. ఉప్పు పట్టిన జిప్పుని నమ్మను. ఎవరు ఏ రికార్డు పంపినా చివరిదాకా వినకుండా దేనికీ వాడుకోను.

ప్లాంటులో ఇప్పుడు సైరన్ కొట్టడం లేదు. మా ఇంట్లో ఎనిమిదింటికి ఎవరూ గడియారానికి కీ ఇవ్వడం లేదు.